విద్యార్థులు – వాటాల విద్య

హిందూపురము మార్కెట్టులో చింతపండు ధర ఏ దినమున ఎట్లున్నదో అచ్చటి బడిపిల్లలకు సైతము తెలియును. ధర్మవరమున మగ్గమున్న యింట పుట్టిన పిల్లకు, పట్టునూలు వెల పెరిగినచో ఆ నెల యింటి ఖర్చు ఎట్లు మాఱునో ఒకరు చెప్పనక్కరలేదు. పెనుకొండ దగ్గఱ ఎఱ్ఱమంచి యొద్ద కార్ల కర్మాగారము వెలసిన పిమ్మట, చుట్టుప్రక్కల పల్లెల యువకులకు కంపెనీ, షిఫ్టు, కంట్రాక్టు అను మాటలు నిత్యవ్యవహారములైనవి. వ్యాపారము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. అయినను, ఒక వ్యాపారములో వాటా కొనుట యనగా నేమి, ఆ వాటా విలువ ఎందుచేత పెరుగును, ఎందుచేత తఱుగును అని అడిగినచో, పట్టభద్రులలో సైతము పెక్కుమంది సమాధానము చెప్పజాలరు. చెప్పజాలకపోయినను కొనుచునే యున్నారు. చేతిలోని ఫోనుతోనే ఖాతా తెఱచుటకు నేడు వీలు కలిగినది. 2022 ఆగస్టు నాటికి మన దేశమున డీమాటు ఖాతాల సంఖ్య 10 కోట్లు దాటినది. ఖాతా తెఱచుట సులభమైనంతగా ఆ విద్య నేర్చుట సులభము కాలేదు. ఈ రెండింటికిని నడుమ నేర్పడిన వెలితియే నేటి ప్రసంగమునకు విషయము.

ఈ వెలితిని పూరించుటకు అనేక దేశములలోని కళాశాలలయందు విద్యార్థులే పెట్టుబడి సంఘములు స్థాపించుకొనుట కలదు. పై తరగతి విద్యార్థులు క్రొత్తగా చేరినవారికి వాటాల పరిజ్ఞానము నేర్పుదురు. అమెరికాలో ఈ పద్ధతికి పేరు తెచ్చినవారిలో జార్జి నికల్సను అను నతడు ముఖ్యుడు. అతడును మిత్రులును కలిసి 1940లో డెట్రాయిటు నగరమున ఒక సంఘమును నెలకొల్పిరి. సభ్యులు ప్రతి మాసమును ఒక చిన్న మొత్తమును తెచ్చి, కలిసి చదివి, కలిసి చర్చించి, వాటాలు కొనుచుండిరి. అట్టి సంఘములన్నియు చేరి 1951లో ఒక జాతీయ సమాఖ్యగా నేర్పడెను. వారి సూత్రములు నాలుగే. మార్కెట్టు ఎట్లున్నను క్రమము తప్పక కొద్దికొద్దిగా పెట్టుట. వచ్చిన లాభమును ఖర్చుచేయక మరల పెట్టుట. వృద్ధిపొందు సంస్థలనే ఎన్నుకొనుట. ఉన్న సొమ్మంతయు ఒక్కచోట పెట్టకుండుట. వినుటకు ఇవి మన పెద్దలు చెప్పిన పొదుపు మాటలవలెనే యుండును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల కళాశాలలలో అట్టి సంఘము నడుపదలచిన విద్యార్థులు ఏమి నేర్పవలెను, ఏమి నేర్పరాదు అనునది ఆలోచింతము.

మొట్టమొదట నేర్పవలసినది వాటా యనగా నేమో. దీనికి మన తెలుగుదేశపు చరిత్రలోనే చక్కని ఉదాహరణము కలదు. 1923లో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. నాడు దాని చెల్లించిన మూలధనము ఒక లక్ష రూపాయలు. అట్టి మూలధనమును చిన్నచిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును సొమ్ము చెల్లించినవారి కిత్తురు. ఆ భాగమే వాటా. వాటా కొన్నవాడు ఆ సంస్థకు అప్పిచ్చినవాడు కాడు, దానికి భాగస్వామి. లాభము వచ్చినచో అందులో అతనికి భాగముండును. నష్టము వచ్చినచో పెట్టిన సొమ్ము పోవచ్చును. అంతకు మించి అతని యిల్లు వాకిలి అమ్మి చెల్లింపవలసిన పనిలేదు. ఇదియే పరిమిత బాధ్యత. మన ఊళ్లలో ఇద్దఱు ముగ్గురు కలిసి పెట్టుకొను పొత్తు వ్యాపారమునకును దీనికిని గల భేదమిచ్చటనే యున్నది. పొత్తు వ్యాపారము మునిగినచో అప్పులవారు భాగస్వాముల యింటి తలుపు తట్టుదురు.

ఆంధ్రా బ్యాంకు కథ అంతటితో ముగియలేదు. 1980లో ప్రభుత్వము దానిని జాతీయము చేసెను. 2001లో మరల ప్రజలకు వాటాలు విక్రయింపబడెను. 2020 ఏప్రిల్ 1వ తేదీన అది యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆంధ్రా బ్యాంకు వాటాలు వెయ్యి యున్నవారికి యూనియన్ బ్యాంకు వాటాలు 325 లభించెను. వెయ్యి పోయి మూడువందల యిరువదియైదు వచ్చినవని విద్యార్థి తొట్రుపడవచ్చును. వాటాల సంఖ్యను బట్టి సంపదను లెక్కింపరాదు. ఒక్కొక్క వాటా వెనుక ఎంత ఆస్తి, ఎంత సంపాదన కలదో దానిని బట్టి లెక్కింపవలెను. పది రూపాయల వాటా చౌక యనియు, వెయ్యి రూపాయల వాటా ప్రియమనియు తలచుట ప్రారంభకులు చేయు మొదటి పొరపాటు. ఒక్క బ్యాంకు చరిత్రతోనే ఈ పాఠమంతయు చెప్పవచ్చును.

రెండవ పాఠము పెనుకొండ విద్యార్థి అడుగు ప్రశ్నతోనే మొదలగును. కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒప్పందము చేసికొనెను. 2019 ఆగస్టులో అచ్చటి నుండి సెల్టోసు కారు వెలువడెను. ఏటికి 3 లక్షల కార్లు చేయు సామర్థ్యముతో ఆ కర్మాగారమును నిర్మించిరి. దినదినమును కన్నుల యెదుట కనబడు ఈ సంస్థలో నొక వాటా కొందమని యువకునికి తోచుట సహజము. కాని కియా ఇండియా వాటాలు మన స్టాకు ఎక్స్ఛేంజీలలో దొరకవు. దాని యాజమాన్యమంతయు కొరియాలోని మాతృసంస్థ చేతిలోనున్నది. ఆ మాతృసంస్థ వాటాలు సియోలులో క్రయవిక్రయము లగును. కియాలో పెద్ద వాటాదారైన హ్యుండయి సంస్థవారి భారతీయ కంపెనీ మాత్రము 2024 అక్టోబరులో మన మార్కెట్టునకు వచ్చినది. ఆ వాటాలు కొన్నంతమాత్రమున ఎఱ్ఱమంచి కర్మాగారములో భాగము లభింపదు. అవి వేర్వేఱు సంస్థలు. పేరు విని కొనరాదు, పత్రము చదివి కొనవలెను అను మాట ఈ ఒక్క ఉదాహరణముతో మనస్సున నాటుకొనును.

ఆ హ్యుండయి విడుదలలో మఱియొక పాఠము కూడ కలదు. సుమారు 27,870 కోట్ల రూపాయల ఆ విడుదల, అప్పటివఱకు మన దేశమున జరిగినవాటిలో కెల్ల పెద్దది. వాటా ఒకటింటికి 1,960 రూపాయలకు ఇచ్చిరి. మార్కెట్టులో క్రయవిక్రయము ప్రారంభమైన మొదటి దినముననే ధర అంతకంటె తక్కువకు దిగినది. సంస్థ చెడ్డదని దీని యర్థము కాదు. పెద్ద పేరు, పెద్ద విడుదల, జనుల ఉత్సాహము ఇవేవియు మొదటి దినమున లాభమునకు హామీ కావని మాత్రమే యర్థము.

ఇక ధర సంగతి. వాటా ధరను ఎవరు నిర్ణయింతురు? ఈ ప్రశ్నకు హిందూపురము పట్టుగూళ్ల మార్కెట్టు కంటె మంచి పాఠశాల లేదు. రైతు గూళ్లు తెచ్చి పోయును. దారము తీయువారు వచ్చి నాణ్యము చూచి వేలము పాడుదురు. అందఱికంటె ఎక్కువ పాడినవాని ధరయే ఆనాటి ధర. స్టాకు ఎక్స్ఛేంజిలో జరుగునదియు ఇదియే. కొనువాడును అమ్మువాడును ఒకరి నొకరు చూడరు, యంత్రము వారిని కలుపును. మన దేశమున 1875లో స్థాపితమైన బొంబాయి స్టాకు ఎక్స్ఛేంజి, 1994లో వాటాల క్రయవిక్రయము ప్రారంభించిన నేషనల్ స్టాకు ఎక్స్ఛేంజి అను రెండును ప్రధానములు. హైదరాబాదులో సైతము 1943 నుండి ఒక స్టాకు ఎక్స్ఛేంజి యుండెను. 2007లో దాని గుర్తింపు రద్దయినది. నేడు ధర్మవరమున కూర్చున్నవాడును, బొంబాయిలో కూర్చున్నవాడును ఒకే ధరకు కొనగలరు.

కాని పట్టుగూటికిని వాటాకును ఒక గొప్ప భేదము కలదు. గూడు కట్టిన కొద్దిదినములకే లోని పురుగు రెక్కలు తెచ్చుకొని గూటిని చీల్చుకొని వెలుపలికి వచ్చును. చీలిన గూటినుండి తెగని దారము రాదు. కనుక ధర తక్కువయైనను రైతు ఆగజాలడు. ఆనాటి ధరకే అమ్మి తీరవలెను. వాటా గలవానికి ఈ నిర్బంధము లేదు. నేడు ధర పడిపోయినను, సంస్థ మంచిదైనచో ఏండ్ల తరబడి ఆగవచ్చును. ఈ ఆగగలుగుటయే చిన్న పెట్టుబడిదారునకు గల పెద్ద బలము. ఈ బలము ఎప్పుడు పోవును? అప్పు తెచ్చి వాటా కొన్నప్పుడు. ఫీజు కట్టవలసిన సొమ్ముతో, పెండ్లికై దాచిన సొమ్ముతో కొన్నప్పుడు. గడువు దగ్గఱ పడగనే, ధర యెంత హీనముగా నున్నను అమ్మవలసి వచ్చును. అప్పుడు వాటాదారుడు గూళ్లరైతు స్థితికి దిగును. రైతునకు ఆ స్థితి ప్రకృతి విధించినది. ఇతడు చేజేతుల తెచ్చుకొన్నది.

ఈ సందర్భముననే వడ్డీలెక్క చెప్పవలెను. 72ను వడ్డీరేటుతో భాగించినచో, చక్రవడ్డీపై సొమ్ము రెట్టింపగుటకు పట్టు ఏండ్లు సుమారుగా తెలియును. ఏటికి నూటికి 12 చొప్పున పెరిగిన సొమ్ము ఆఱేండ్లలో రెట్టింపగును. సంతోషమే. కాని మన ఊళ్లలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుట సాధారణము. అది ఏటికి 24. కట్టక వదిలినచో ఆ అప్పు మూడేండ్లలో రెట్టింపగును. ఇంట అట్టి అప్పుండగా వాటాలు కొనుట, చిల్లికుండలో నీళ్లు పోయుటయే. ముందు అప్పు తీర్చుట, పిదప ఆపదకై కొంత సొమ్ము బ్యాంకులో నిలువయుంచుట, అటుపిమ్మటనే వాటా. విద్యార్థి సంఘము తన మొదటి సమావేశముననే ఈ వరుసను నల్లబల్లపై వ్రాయవలెను.

మన కుటుంబములలో పొదుపనగా చీటీయే. ఇరువది మంది చేరి నెలనెలా సొమ్ము వేసి పాట పాడుకొందురు. తగ్గించి పాడుకొన్నవాడు వదలుకొన్న సొమ్మును తక్కినవారు పంచుకొందురు. దానిని సైతము డివిడెండు అనియే వ్యవహరింతురు. మాట యొకటేయైనను అర్థము వేఱు. చీటీలో వచ్చు డివిడెండు మఱియొక సభ్యుని అక్కఱనుండి పుట్టినది. కంపెనీ ఇచ్చు డివిడెండు ఆ సంస్థ వస్తువులు చేసి అమ్మి గడించిన లాభమునుండి పుట్టినది. లాభము లేని యేట అది రాకపోవచ్చును. ఇచ్చితీరవలెనని అడుగు హక్కు వాటాదారునకు లేదు. తల్లులకు తెలిసిన చీటీతో పోల్చి చెప్పినచో, వాటా స్వభావము ఇంటిల్లిపాదికిని సులభముగా బోధపడును.

తరువాతి పాఠము లెక్కలు చదువుట. ఇదియే సంఘమునకు ప్రాణము. పుస్తకపు మాటలతో మొదలిడక, ధర్మవరపు పట్టుచీరల దుకాణము నొకదానిని ఊహించుకొందము. ఏడాదిలో 10 లక్షల రూపాయల చీరలు అమ్ముడుపోయినవి. నూలు, జరీ, రంగు, నేతకూలి కలిసి 8 లక్షలు. అద్దె, దీపపు ఖర్చు, గుమాస్తా జీతము కలిసి ఒక లక్ష. అప్పుపై వడ్డీ 60 వేలు. మిగిలినది 40 వేలు. పది లక్షల వ్యాపారమని వినగానే గొప్పగా తోచును. మిగులు మాత్రము నూటికి నాలుగు. నూలు ధర కొంచెము పెరిగినచో ఆ నాలుగును మాయమగును. ఈ దుకాణము వెయ్యి వాటాలుగా నున్నదనుకొందము. ఒక్కొక్క వాటాకు లాభము 40 రూపాయలు. వాటా ధర 400 రూపాయలైనచో, కొనువాడు పదేండ్ల లాభమును ముందుగా చెల్లించుచున్నాడు. 4,000 రూపాయలైనచో నూఱేండ్ల లాభమును చెల్లించుచున్నాడు. అంత ధర ఇచ్చువాడు, ఆ దుకాణము మున్ముందు మిక్కిలి పెరుగునని నమ్మియైనను ఉండవలెను, లేక లెక్క వేయకయైనను ఉండవలెను. పత్రికలలో కనబడు ధర–లాభ నిష్పత్తి యనునది ఇదియే.

ఈ లెక్కలో ఇంకొక సూక్ష్మము కలదు. అమ్మిన చీరలలో సగము పొరుగూరి వర్తకులకు అరువుపై ఇచ్చినవైనచో, లాభము పుస్తకములో నుండును, పెట్టెలో నుండదు. కనుక లాభమెంత యని అడిగిన వెంటనే, చేతికి వచ్చిన నగదెంత యని అడుగుటకు విద్యార్థులు అలవాటు పడవలెను. అప్పుడును పూర్తిగా సురక్షితమని చెప్పలేము. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు సంస్థ అధ్యక్షుడు, తమ పుస్తకములలో చూపిన నగదులోను, బ్యాంకు నిలువలలోను సుమారు 5,040 కోట్ల రూపాయలు లేనివే యని లేఖ వ్రాసి ఒప్పుకొనెను. ఆ ఒక్కదినముననే వాటా ధర మూడువంతులకు మించి కూలిపోయినది. తెలుగువారి గర్వకారణమని భావించి, ఉన్నదంతయు దానిలో పెట్టిన గృహస్థులు ఎందఱో నష్టపోయిరి. తనిఖీదారులు సంతకము చేసిన లెక్కలలోనే ఆ లేని నగదు కనబడినది. మన ఊరివాడు, మన భాషవాడు అను అభిమానము లెక్క చూచుటకు ప్రత్యామ్నాయము కాదు.

దీనికి విరుగుడు ఏమి? సొమ్మును విభజించుటయే. పెనుకొండ కోట చూచిన విద్యార్థులకు ఇది చెప్పుట సులభము. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగర సేన ఓడిపోయినది, హంపి ధ్వంసమైనది. రాజ్యమంతయు ఆనాడే అంతరింపలేదు. తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. ఆ వంశము మఱి కొన్ని దశాబ్దములు పాలించెను. బలమంతయు ఒక్క నగరముననే యుండినచో అది సాధ్యము కాకపోయెడిది. పెట్టుబడిలోను అంతే. పది సంస్థలలో సమానముగా పెట్టినవానికి ఒకటి పూర్తిగా మునిగినను నూటికి పది వంతులే పోవును. పది సంస్థలును ఒకే వ్యాపారమునకు చెందినవి కాకుండ చూచుకొనవలెను. నూలుధర పెరిగిన యేట పది నేతమిల్లులును కలిసియే కుంగును.

శ్రోతలారా, ఇంతవఱకు చెప్పినది ఓపికతో చేయు పెట్టుబడి. నేడు పెక్కుమంది యువకులను ఆకర్షించుచున్నది ఇది కాదు. ఫ్యూచర్సు, ఆప్షన్సు అను ఒడంబడికలు. ఫలానా తేదీనాటికి ధర ఇట్లుండునని పందెము వేసినట్లుగా కొని అమ్ముట. వర్తకులు ధరల ఒడుదుడుకులనుండి రక్షణకై వాడుకొను సాధనములివి. విద్యార్థి చేతిలో ఇవి జూదముగా మాఱుచున్నవి. మార్కెట్టులను నియంత్రించు సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనము ప్రకటించినది. 2021–22 మొదలు 2023–24 వఱకు మూడేండ్లలో ఇట్టి వ్యవహారము చేసిన వ్యక్తులు ఒక కోటికి మించియుండిరి. వారిలో నూటికి 93 మంది నష్టపోయిరి. తలసరి నష్టము, ఖర్చులతో కలిసి, సుమారు 2 లక్షల రూపాయలు. మొత్తము నష్టము 1.8 లక్షల కోట్లకు మించినది. మూడవ యేట ఈ వ్యవహారము చేసినవారిలో ముప్పదియేండ్లలోపు వారు నూటికి 43 మంది. నూటికి డెబ్బదియైదుగురకు మించి, వార్షికాదాయము 5 లక్షల రూపాయలలోపే యని తెలిపినవారు.

ఈ అంకెలను మన యిండ్లకు తెచ్చి చూతము. మగ్గముపై బ్రతుకు కుటుంబమున రెండు లక్షల రూపాయలనగా అది ఒక పిల్ల పెండ్లి. లేదా ఒక పిల్లవాని కళాశాల చదువు. పోయిన సొమ్ము తిరిగి రాబట్టుటకు మరల అప్పుచేసి మరల ఆడుట ఈ వ్యాధి లక్షణము. ఇచ్చటను ఒక చిన్న లెక్క చెప్పవలెను. వెయ్యి రూపాయలలో సగము పోయి ఐదువందలు మిగిలినవి. మరల వెయ్యి కావలెనన్నచో నూటికి ఏబది పెరిగినచో చాలదు. నూటికి నూఱు పెరుగవలెను. క్రిందికి దిగుటకంటె మీదికెక్కుట ఎప్పుడును కష్టము. ఈ ఒక్క లెక్క తెలిసినవాడు నష్టమును పూడ్చుకొనుటకై తొందరపడడు.

సంఘము నేర్పరానిది కూడ ఇచ్చటనే స్పష్టమగును. ఫలానా వాటా రేపు పెరుగును, కొనుడు అని చెప్పుట విద్య కాదు, అది సలహా. సొమ్ము తీసికొని సలహా ఇచ్చువారు సెబీయొద్ద నమోదు కావలెను. విద్య పేరుతో సలహాలిచ్చువారు పెరిగిపోగా, 2025 జనవరిలో సెబీ ఒక వివరణ యిచ్చెను. వాటాల విద్య మాత్రమే బోధించువారు గడచిన మూడు మాసముల ధరలను చూపుచు వాటాల పేర్లు చెప్పరాదని అందులో తెలిపెను. పాత ధరలతో పాఠము చెప్పవచ్చును. నేటి ధరతో జోస్యము చెప్పరాదు. కళాశాల సంఘమునకు ఇంతకంటె మంచి నియమము దొరకదు. చరవాణి గుంపులలో చేర్చుకొని, నెలకు ఇంత లాభము ఖాయమని ఆశపెట్టువారిని గుర్తించుటకు ఒక్క పదమే చాలును. అది ఖాయము అను పదము. అగ్రిగోల్డు సంస్థ 2014, 2015 ప్రాంతమున చెల్లింపులు చేయలేక కుప్పకూలినప్పుడు, చిక్కుకొన్న డిపాజిటుదారులు సుమారు 32 లక్షల మంది. వారిలో పెక్కురు కూలివారు, చిన్న రైతులు. వారిని ఆకర్షించినది ఖచ్చితముగా ఇంత వచ్చునను వాగ్దానమే. వాటా అట్టి వాగ్దానమేదియు చేయదు. వాటా పేరు చెప్పి వాగ్దానము చేయువాడు అబద్ధమాడుచున్నాడు.

వాటాలు మన పేరనే యున్నవా యని చూచుకొనుట మఱియొక జాగ్రత్త. 1996లో వచ్చిన డిపాజిటరీల చట్టము తరువాత కాగితపు పత్రములు క్రమముగా పోయి, వాటాలు ఖాతాలలో అంకెలుగా నిలిచినవి. హైదరాబాదు కేంద్రముగా నడచిన కార్వీ బ్రోకరు సంస్థ, ఖాతాదారుల వాటాలను తన అప్పులకు తాకట్టుపెట్టిన విషయమున 2019 నవంబరులో సెబీ చర్య తీసికొనవలసివచ్చినది. బ్రోకరు చూపు లెక్కతో తృప్తిపడక, డిపాజిటరీ నేరుగా పంపు పట్టికను నెలకొకమారు చదువు అలవాటు విద్యార్థి దశలోనే రావలెను. పదునెనిమిదేండ్లు నిండనివారి ఖాతాను తల్లిదండ్రులో సంరక్షకులో నడుపవలెనని కూడ చెప్పవలెను.

ఇక సంఘము నడుచు విధానము. సభ్యులయొద్ద సొమ్ము వసూలు చేసి పెట్టుబడి పెట్టుటకు విద్యార్థులు పూనుకొనరాదు. ఇతరుల సొమ్ముతో వ్యవహరించుట చట్టముతో కూడిన పని. స్నేహములు చెడు పని కూడ. ఒక నోటుపుస్తకము చాలును. ప్రతి విద్యార్థికిని లక్ష రూపాయలున్నవని ఊహించుకొని, తాను ఎన్నుకొన్న సంస్థ పేరు, ఆనాటి ధర, ఎన్నుకొనుటకు కారణము వ్రాయవలెను. కారణము వ్రాయకుండ పేరు వ్రాయరాదు. మూడు మాసములకొకమారు పుస్తకము తెఱచి, ధర పెరిగినదా తఱిగినదా యని కాక, తాను వ్రాసిన కారణము నిలిచినదా యని పరిశీలింపవలెను. కారణము తప్పైనను ధర పెరుగవచ్చును, అది అదృష్టము. కారణము ఒప్పైనను ధర తఱుగవచ్చును. అప్పుడు ఓపిక కావలెను. ఈ రెండింటిని వేఱుచేసి చూడగలుగుటయే ఈ విద్యలోని ఉత్తీర్ణత.

లాభమును కొలుచుట సైతము నేర్వవలెను. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున, బియర్డ్స్‌టౌను అను చిన్న ఊరిలో, కొందఱు గృహిణులు 1983లో ఒక సంఘము పెట్టుకొనిరి. పదేండ్లలో ఏటికి నూటికి 23.4 చొప్పున గడించితిమని వారు ప్రకటింపగా, వారి పుస్తకము దేశమంతట అమ్ముడుపోయినది. 1998లో తనిఖీ చేసి చూడగా అసలు లాభము ఏటికి నూటికి 9.1 మాత్రమే యని తేలినది. వారెవ్వరిని మోసగింపలేదు, సభ్యులు నెలనెలా వేసిన చందా సొమ్ము కూడ లాభములో కలిసిపోయినది. నెలకు వంద చొప్పున ఏడాది వేసినవాని ఖాతాలో 1,260 రూపాయలున్నచో, పెరిగినది 60 రూపాయలే. తక్కిన 1,200 తాను వేసినదే. ఇంత చిన్న విషయమున పెద్దలు పొరబడిరి. కనుక సంఘములో నొకరు లెక్క వేయగా వేఱొకరు సరిచూచు పద్ధతి తప్పక యుండవలెను.

కామర్సు విద్యార్థులకే ఈ సంఘము పరిమితము కానక్కరలేదు. పట్టుపురుగుల పెంపకము తెలిసిన రైతుబిడ్డ, జరీ నాణ్యము తెలిసిన నేతబిడ్డ, కార్ల విడిభాగముల పని తెలిసిన యువకుడు, తమతమ వృత్తులలోని వ్యాపార రహస్యములు చెప్పినచో, ఏ పుస్తకమునను దొరకని జ్ఞానము లభించును. వారమున కొక గంట, ఒక ఉపాధ్యాయుని పర్యవేక్షణ, గ్రంథాలయమున ఒక ఆర్థిక పత్రిక, కంపెనీలు ఉచితముగా ప్రకటించు వార్షిక నివేదికలు. ఇంతకు మించిన సామగ్రి అక్కఱలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లవాడు వాటాల మాట యెత్తినప్పుడు, అది జూదమని కోపపడి నోరు మూయింపకుడు. అట్లు చేసినచో అతడు మీకు తెలియకుండ చేయును. సులభముగా వచ్చు సొమ్మని సంతసించి చేతికి డబ్బు నిచ్చుటయు తగదు. మూడు ప్రశ్నలడుగుడు. ఆ సంస్థ ఏమి చేసి లాభము గడించుచున్నది? ఈ సొమ్ము ఐదేండ్లవఱకు నీకు అక్కఱ రాదా? ఇది పూర్తిగా పోయినచో మన యింటికి ఏమగును? ఈ మూడింటికిని తడబడక సమాధానము చెప్పగలవాడు వాటా కొనుటకు అర్హుడు. చెప్పలేనివాడు మఱికొంతకాలము నోటుపుస్తకములోనే కొనవలెను. నోటుపుస్తకములో పోయిన లక్ష రూపాయల వలన ఏ యింటను మగ్గము ఆగదు.